అప్పు కోసం లేచిన గోడ

ప్రశ్న: 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికాలో తెల్లవారూ నల్లవారూ కూడా చితికిపోయారు కదా. తర్వాత ఇళ్ల అప్పులకు ప్రభుత్వమే అండగా నిలిచిందంటారు. మరి సొంతింటి విషయంలో నల్లవారు ఎందుకు వెనకబడ్డారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఇరవై ఎనిమిదేళ్లు బ్యాంకులో ఇళ్ల అప్పుల కాగితాలు చూసినవాణ్ని. దస్తావేజులు చూస్తాం, జీతం చూస్తాం. అక్కడ పక్కింటివాడి ఒంటిరంగు కూడా చూశారు. మేమేదో ధర్మరాజులమని కాదు. పేట పేరు చూడగానే దరఖాస్తును కట్ట అడుగుకు తోసేసే మేనేజరు దగ్గర నేనూ పనిచేశాను. అయితే అక్కడ అది నిబంధనల పుస్తకంలోకే ఎక్కింది.

1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ తాను అప్పివ్వదు, బ్యాంకు ఇచ్చినదానికి పూచీ పడుతుంది. అంతకుముందు సగం ధర చేతిలో ఉంటే తప్ప ఇంటి మాట ఎత్తలేని గుమాస్తా, ఆ పూచీ పుణ్యాన ఇరవై ఏళ్ల వాయిదాల మీద ఇంటివాడయ్యాడు (పెళ్లి సంగతి కాదు లెండి). కానీ వేరే జాతివారు చేరితే ఇళ్ల విలువ పడిపోతుందని ఆ సంస్థ పుస్తకం హెచ్చరించింది. మరో ప్రభుత్వ సంస్థ నగరాల పటాలు గీయించి, నల్లవారి పేటలకు, అప్పివ్వడం ప్రమాదమన్న గుర్తుగా, ఎరుపు పూసింది.

మా అబ్బాయి మిషిగన్‌లో ఉంటాడు. వెళ్లినప్పుడు డెట్రాయిట్‌లో ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఒక గోడ చూపించమన్నాను. ఆరడుగుల ఎత్తు, అరమైలు పొడవు. 1941లో ఒక ఇళ్ల వ్యాపారి తెల్లవారి కోసం కాలనీ వేయబోతే, పక్కనే నల్లవారున్నారని పూచీ దొరకలేదు. మధ్యలో గోడ లేపాడు, దొరికింది. చేత్తో తట్టి చూశాను, మామూలు కాంక్రీటే. కొంత మేర రంగుల బొమ్మలు వేశారు. ఇప్పుడు దానికి అటూ ఇటూ నల్లవారే ఎక్కువ. ఆనాడు గోడకు ఇవతలి నల్లవారిలో చాలామందికి సొంత స్థలాలు ఉండేవి. అప్పు పుట్టక, చేతికందిన సామానుతో తామే గూళ్లు వేసుకున్నారు.

ఇక బ్యాంకువాడి లెక్క. 1941లో ఇరవై ఏళ్ల వాయిదాలకు దిగినవాడు 1961కి బాకీ తీర్చేశాడు. ఇళ్ల అమ్మకాల్లో, అప్పుల్లో వివక్ష కూడదన్న ఫెడరల్ చట్టం 1968 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికి గోడకు అవతలి తెల్లవాడి ఇల్లు, పిల్లల చదువుకు తాకట్టు పెట్టుకోగల ఆస్తి అయి కూర్చుంది.