పని చోట వివక్ష మీద పరిశోధన: అబ్బాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి సైకాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాడు. ఆఫీసుల్లో పై పదవులకు ఆడవాళ్లు, కొన్ని వర్గాలవాళ్లు ఎందుకు చేరలేకపోతున్నారో పరిశోధన చేస్తానంటున్నాడు. ఇది ఆడపిల్లలు తీసుకునే సబ్జెక్టు కదా? నినాదాలు తప్ప ఉద్యోగాలు ఉంటాయా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఈ రంగంలో నినాదాలు ఇవ్వడం పని కాదు, లెక్క తేల్చడం పని. ఒక ఉదాహరణ చెబితే మీ రెండు సందేహాలూ కొంత తీరతాయి.

2003లో బ్రిటన్‌లో ‘ద టైమ్స్’ పత్రిక ఒక కథనం వేసింది. డైరెక్టర్ల బోర్డుల్లోకి ఆడవాళ్లు వచ్చిన కంపెనీల షేర్లు దెబ్బతింటున్నాయి కాబట్టి వాళ్ల రాక కంపెనీలకు చేటేనన్నది దాని సారాంశం. మిషెల్ రయాన్, అలెక్స్ హాస్లమ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దాన్ని ఖండించి ఊరుకోలేదు. లండన్ మార్కెట్లోని వంద పెద్ద కంపెనీలను తీసుకుని, కొత్త డైరెక్టర్ చేరడానికి ముందు షేరు ధర ఎలా ఉంది, చేరాక ఎలా ఉంది అని విడదీసి చూశారు. మార్కెట్ మొత్తం పడిపోతున్న రోజుల్లో ఆడవాళ్లను బోర్డులోకి తీసుకున్న కంపెనీలు అంతకుముందు అయిదు నెలలుగా వరసగా నష్టపోతూ ఉన్నాయని తేలింది. వాళ్లు వచ్చి కంపెనీని ముంచలేదు. మునుగుతున్న కంపెనీలే వాళ్లను పిలిచాయి. 2005లో అచ్చయిన ఈ పరిశోధనతోనే ‘గ్లాస్ క్లిఫ్’ (గాజు కొండ అంచు, అంటే కూలే ప్రమాదంలో ఉన్న చోటే ఆడవాళ్లకు పై పదవి దక్కడం) అన్న మాట వాడుకలోకి వచ్చింది. 2009లో అమెరికా కంపెనీల సీఈఓల మీద జరిగిన మరో అధ్యయనంలో మాత్రం ఈ ధోరణి కనిపించలేదు. అలా ఒకరు తేల్చినదాన్ని ఇంకొకరు వేరే చోట పరీక్షిస్తూ పోవడమే ఈ రంగంలో రోజువారీ పని. ఆ ఇద్దరిలో హాస్లమ్ మగవాడే, కాబట్టి మొదటి బెంగ వదిలేయండి.

అయితే మీ అబ్బాయిని ఒక విషయం సూటిగా అడగండి. తను నమ్మినదానికి ఎదురుగా డేటా వస్తే, దాన్ని ఉన్నదున్నట్టు రాయగలడా? ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్, ఎరిన్ కెల్లీ అనే సోషియాలజిస్టులు అమెరికాలోని 708 సంస్థల్లో దాదాపు మూడు దశాబ్దాల రికార్డులు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. కంపెనీలు ఎంతో డబ్బు పోసి పెట్టే డైవర్సిటీ ట్రైనింగుల (వివక్ష లేకుండా అన్ని వర్గాలవాళ్లతో పనిచేయడం నేర్పే శిక్షణల) వల్ల మేనేజర్ పదవుల్లో ఆడవాళ్ల, నల్లజాతివాళ్ల వాటా పెద్దగా పెరగలేదని అందులో బయటపడింది. ఈ పని ఫలానా వ్యక్తిది లేదా ఫలానా కమిటీది అని బాధ్యత అప్పగించిన చోట మాత్రం మార్పు బాగా కనిపించింది. మంచి ఉద్దేశంతో ట్రైనింగులు పెట్టినవాళ్లకు ఇది చేదుగానే ఉంటుంది. అది చెప్పడానికి వెనకాడేవాడైతే ఉద్యమాల్లోకి వెళ్లమనండి, అదీ గౌరవమైన పనే. పరిశోధన మాత్రం వద్దు.

ఇక చదువు. సైకాలజీ నుంచే వెళ్లాలని లేదు. సోషియాలజీ, మేనేజ్‌మెంట్, ఎకనమిక్స్ నుంచీ దారులున్నాయి. 2023లో ఎకనమిక్స్ నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికాలో రెండు వందల ఏళ్ల రికార్డులు తవ్వి ఆడవాళ్ల ఉపాధిని, జీతాలను అధ్యయనం చేశారు. ఈనాటి జీతాల తేడాలో ఎక్కువ భాగం ఒకే వృత్తిలో ఉన్న ఆడా మగా మధ్యనే ఉందని, అది చాలావరకు మొదటి బిడ్డ పుట్టాక మొదలవుతుందని చూపించారు. ఏ దారిలో వెళ్లినా స్టాటిస్టిక్స్ గట్టిగా రావాలి. డేటా విశ్లేషణకు వాడే ఆర్ (R) లాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి చేతిలో ఉండాలి. సర్వే ప్రశ్నలు రాయడం, ఇంటర్వ్యూ చేయడం కూడా నేర్చుకోవాలి. చాలామంది వీటిని తేలికనుకుని తర్వాత ఇబ్బంది పడతారు.

ఉద్యోగాల గురించి దాపరికం లేకుండా చెబుతాను. యూనివర్సిటీ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. పీహెచ్‌డీకి ఏళ్లు పడతాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ బ్యాంకు లాంటి చోట్ల, పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ డేటా టీముల్లో, కన్సల్టింగ్ సంస్థల్లో ఈ చదువుకు గిరాకీ ఉంది. కానీ ‘డైవర్సిటీ ఆఫీసర్’ లాంటి హోదాలను నమ్ముకోవద్దు. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం తన డైవర్సిటీ కార్యక్రమాలను ఎత్తేసింది, ఆ ఏడాది కొన్ని పెద్ద కంపెనీలు కూడా వెనక్కి తగ్గాయి. హోదా రాజకీయాలను బట్టి వస్తుంది, పోతుంది. లెక్క కట్టే నైపుణ్యం ఉన్నవాడు అదే డేటాతో ఆరోగ్యం మీదో, విద్య మీదో పనిచేసుకోగలడు. అందుకే డైవర్సిటీ పేరుతో వచ్చే చిన్న సర్టిఫికెట్ కోర్సుల మీద డబ్బు పెట్టొద్దంటాను.

ఫీజు కట్టే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. 2012లో కొరీన్ మాస్-రకూసిన్ బృందం చేసిన ప్రయోగం చదవమనండి. ల్యాబ్ మేనేజర్ ఉద్యోగానికి ఒకే దరఖాస్తును కొందరు సైన్స్ ప్రొఫెసర్లకు జాన్ పేరుతో, మరికొందరికి జెన్నిఫర్ పేరుతో చూపించారు. మొత్తం 127 మంది. జాన్‌కు సగటున ఏడాదికి 30,238 డాలర్లు ఇస్తామన్నారు, జెన్నిఫర్‌కు 26,508. మహిళా ప్రొఫెసర్లూ అదే తేడా చూపించారు. ఫలితం చదివి కోపం తెచ్చుకోవడం ఎవరికైనా వస్తుంది. దరఖాస్తులో పేరు తప్ప ఇంకేదీ ఎందుకు మార్చలేదు, 127 మంది సరిపోతారా, వేరే ఉద్యోగానికి ఇదే తేడా వస్తుందా అని మీ అబ్బాయి తనంతట తాను అడిగితే మాస్టర్స్‌కు దరఖాస్తు పెట్టించండి. కాలేజీ ఎంచుకునేటప్పుడు పేరు కన్నా ముందు, అక్కడి గైడ్ గత అయిదేళ్లలో ఏం ప్రచురించారో, ఆయన విద్యార్థులు ఇప్పుడు ఏ ఉద్యోగాల్లో ఉన్నారో కనుక్కోండి.