గడియారం లేని ఆట చూసుకో

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక ఆడుకోవడానికి ఏ ఆట మంచిదని మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సగమే చెప్పాను. ఇంతలో కౌంటర్ దగ్గర ఎవరో పిలుస్తున్నారని పెట్టేశావు. మిగతా సగం రాసి పంపిస్తున్నా, తీరిగ్గా చదువుకో.

పొద్దంతా బ్యాంకులో అంకెలతో కుస్తీ పట్టి, తల దిమ్మెక్కి ఇంటికొచ్చే మనిషికి బొమ్మలో దాగిన వస్తువులు వెతికే ఆటలు మంచివే. అయితే ఆ పేరుతో దొరికేవన్నీ మంచివి కావు. వీటిలో రెండు జాతులున్నాయి. ఒకటి నిన్ను కూర్చోబెట్టి నింపాదిగా చూడనిస్తుంది, ఇంకొకటి వెనక నుంచి తరుముతూ ఉంటుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే పాత బంగళా, అదే దుమ్ము పట్టిన అటక, కింద వెతకాల్సిన వస్తువుల జాబితా. తేడా తెలియాలంటే స్క్రీన్ మూలల్లోకి చూడు. గడియారం తిరుగుతోందా? స్కోరు లెక్క పెడుతోందా? ఎనర్జీ అని ఓ అంకె తగ్గుతూ పోతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది నీకు వద్దు. ఆఫీసులో టార్గెట్లు ఉండనే ఉన్నాయి, ఇంట్లో కూడా దేనికి?

ఫోన్‌లో ఉచితంగా వచ్చేవాటిలో చాలా మటుకు ఈ తరిమే జాతివే. 2012లో ఫేస్‌బుక్‌లో వచ్చిన క్రిమినల్ కేస్ గుర్తుందా? మీ అన్న రోజూ అందరికీ ఎనర్జీ పంపమని రిక్వెస్టులు పెట్టేవాడే, అదే. హత్య జరిగిన చోట ఆధారాలు వెతకాలి. ఎంత గబగబా పట్టుకుంటే అన్ని పాయింట్లు. నక్షత్రాల కోసం ఒకే చోటికి పదేపదే వెళ్లాలి. 2017లో వచ్చిన జూన్స్ జర్నీలో బొమ్మలు చాలా బాగుంటాయి, 1920ల నాటి దుస్తులు, కార్లు, తోటలు అన్నీ ముచ్చటగా గీశారు. అందులోనూ ఎనర్జీ లెక్కే. అయిపోతే మళ్లీ నిండేదాకా ఆగాలి, ఆగలేకపోతే డబ్బులు పెట్టాలి. కుర్రవాళ్లకి ఆ పోటీ సరదాగానే ఉంటుందేమో. నీకు కావాల్సింది మాత్రం అది కాదు.

కాబట్టి ఒక్కసారి డబ్బు కట్టి సొంతం చేసుకునేవి, కంప్యూటర్‌లో ఆడేవి చూసుకో. సియాటిల్‌లో 2002లో మొదలైన బిగ్ ఫిష్ గేమ్స్ వాళ్లు ఈ ఆటలకు పెట్టింది పేరు. వాళ్ల మిస్టరీ కేస్ ఫైల్స్ వరుసలో మొదటిది హంట్స్‌విల్, 2005లో వచ్చింది. ఈ రకం ఆటలు ఇంటింటికీ పాకడంలో ఆ వరుసకు పెద్ద వాటా ఉంది. అందుకని మొట్టమొదటిదే కొనేస్తానంటావేమో, వద్దు, దాంట్లో గడియారం ఉంది. రానురాను ఈ ఆటల్లో గడియారం పోయి కథ, తాళాలు తీయడాలు, చిన్న చిన్న పజిళ్లు వచ్చి చేరాయి. అలాంటివే పోలండ్ దేశం నుంచి ఆర్టిఫెక్స్ ముండీ అనే కంపెనీ వాళ్లు చాలా చేశారు, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగట్లో దొరుకుతాయి. మొదటిసారి ఆడేవాళ్లకి వాళ్ల నైట్‌మేర్స్ ఫ్రమ్ ది డీప్ నప్పుతుంది. మ్యూజియం చూసుకునే ఒకావిడ కూతుర్ని చచ్చి బతికిన సముద్రపు దొంగ ఎత్తుకుపోతాడు, ఈవిడ ఓడెక్కి వెంటపడుతుంది. స్టీమ్‌లో ఏడాదికి చాలాసార్లు ధరలు తగ్గిస్తారు, అప్పటిదాకా ఆగి కొనుక్కో.

కథ మీద మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోకు. సగం ఆటల్లో ఎవరో ఒకరి బిడ్డ తప్పిపోతుంది, మిగతా సగంలో పాడుబడ్డ బంగళాలో దెయ్యం. నీకేమో చిన్నప్పటి నుంచి దెయ్యాలంటే హడల్. రాత్రి పూట ఆడదలుచుకుంటే అడవి, తోట, ప్రయాణాల కథలున్నవి ఎంచుకో.

ఇప్పుడు నాకు ఇష్టమైన సంగతికి వస్తాను. ఇన్నేళ్లు హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసిన కళ్లు కదా, ఆట ఎలా ఉందన్న దానికంటే దాచినవాడు ఎలా దాచాడన్నదే ముందు చూస్తాను. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఇత్తడి సామాన్ల అంగడి ఎలా ఉంటుందో మంచి సీన్ అలా ఉండాలి. పైన గంటలు వేలాడుతుంటాయి, కింద చెంబులు, వాటి మధ్యలో దీపపు కుందులు, ఒకదాని మీద ఒకటి. చూసేవాళ్లకి అంతా గందరగోళం. కానీ ఏ వస్తువూ అక్కడ ఊరికే లేదు. చిన్న హారతి పళ్లెం కావాలంటే అంగడాయన కళ్లెత్తకుండానే చెయ్యి పెట్టి తీసిస్తాడు.

ఒక ఉదాహరణ చెబుతాను. జాబితాలో చదరంగం గుర్రం అని ఉంటుంది. నువ్వు బల్ల మీద, అలమరలో, నేల మీద అంతా గాలిస్తావు, కనిపించదు. చివరికి చూస్తే చెక్క కుర్చీ చేతికి చివర నగిషీ ఉంటుందే, ఆ వంపే గుర్రం తల. అదే రంగు చెక్క, అదే వెలుగు. చూసినంతసేపూ కళ్ల ముందే ఉంది. అలా దొరికినప్పుడు నీకు నవ్వొస్తుంది, గీసినవాడి మీద గౌరవం కూడా కలుగుతుంది. అదీ దాచడం అంటే. కొందరేం చేస్తారంటే గొడుగుని చొక్కా గుండీ అంత చేసి మూలన పడేస్తారు. లేదంటే కత్తెరని అద్దంలా పలచగా చేసి గోడ రంగులో కలిపేస్తారు. లేదంటే చీకటి మూలలో పెట్టి పిడి మాత్రం వెంట్రుకవాసి బయటికి కనిపించేలా వదులుతారు. అది దాచడం కాదు, దొంగాట. మొదటి రెండు మూడు సీన్లలోనే ఇలాంటివి ఎదురైతే ఆ ఆట వదిలెయ్యి. ముందు ముందు బాగుంటుందిలే అనుకోకు, గీసేవాళ్ల చెయ్యి అంత త్వరగా మారదు.

వెతికే పద్ధతి కూడా చెబుతాను. గొడుగు అనగానే మనసులో విచ్చుకున్న నల్లగొడుగు మెదులుతుంది, కళ్లు దాన్నే వెతుకుతాయి. గీసినవాడేమో దాన్ని ముడిచి కిటికీ కర్టెన్ మడతల్లో ఒక మడతలా నిలబెట్టి ఉంటాడు. పిల్లలకి బొమ్మ నేర్పేటప్పుడు నేను వస్తువు పేరు మర్చిపోయి దాని అంచు చూడమనేదాన్ని. ఇక్కడా అదే పని. ఆ వస్తువు ఎన్ని రకాలుగా కనిపించవచ్చో ఒకసారి అనుకో. ముడిచి ఉండొచ్చు, తలకిందులుగా ఉండొచ్చు, గోడ మీది పటంలో బొమ్మగా ఉండొచ్చు, కుండ మీద చెక్కి ఉండొచ్చు. పాము ఎప్పుడూ తాడులాగో కొమ్మలాగో ఉంటుంది. ఈక ఆకుల్లో ఉంటుంది. తాళంచెవి దీపాల గుత్తికి వేలాడుతూ ఉంటుంది.

దొరక్కపోతే కళ్లు సగం మూసి చూడు. వివరాలు చెదిరిపోయి వెలుగు నీడలే మిగులుతాయి. అప్పుడు గదిలో కిటికీ ఎడమ వైపు ఉంటే వస్తువులన్నింటికీ నీడ కుడి వైపు పడాలి కదా, ఒక్కదానికి ఎటో పడి ఉంటుంది. చాలా ఆటల్లో ముందు గది గీసి, తర్వాత వస్తువులు తెచ్చి అతికిస్తారు. ఆ అతుకు కంటికి తెలిసిపోతుంది, అంచు మరీ పదునుగా ఉంటుంది. జాబితా ఉండే పట్టీకి ఆనుకుని ఉన్న చోట కూడా చూడు, అక్కడెవరూ చూడరని పెడతారు.

అంతేగానీ టకటకా ఎక్కడపడితే అక్కడ నొక్కకు. చాలా ఆటలు దానికి శిక్ష వేస్తాయి, కాసేపు బాణం గుర్తు పనిచేయకుండా పోతుంది. వస్తువు ఎక్కడుందో చూపించే హింట్ బటన్ ఉంది, వాడుకో. వాడాక మళ్లీ నిండడానికి కొంచెం టైమ్ పడుతుంది, అంతే. కాజువల్ అనే సులువు పద్ధతిలో త్వరగా నిండుతుంది, పైగా ఎక్కడ వెతకాలో మెరుపులు చూపిస్తుంది. మొదట్లో అదే పెట్టుకో. కొన్ని ఆటల్లో వెతకడం విసుగనిపిస్తే దాని బదులు ఒకేలాంటి బిళ్లలు జత కలిపే మాజాంగ్ లాంటిది ఆడి ముందుకు పోవచ్చు, అదీ తప్పేం కాదు. ఇక మీ పెదనాన్నలా వెనక నిలబడి "అదిగో, అక్కడుంది చూడు" అని వేలు పెట్టి చూపించేవాళ్లని మాత్రం గదిలోకి రానివ్వకు.

కథ ఉన్న ఆటల్లో ఇంకో చికాకు ఉంది. ఒక గదిలో సుత్తి దొరుకుతుంది, దాంతో పగలగొట్టాల్సింది ఎక్కడో పది గదుల అవతల ఉంటుంది. అటూ ఇటూ తిరిగి కాళ్లు నొప్పులు పుట్టవు గానీ బుర్ర నొప్పి పుడుతుంది. మ్యాప్ ఉన్న ఆట చూసుకో, ఏ చోట పని మిగిలి ఉందో అది గుర్తు పెట్టి చూపిస్తుంది. ఈ తిరుగుడు అసలు వద్దనుకుంటే 2017లో వచ్చిన హిడెన్ ఫోక్స్ ఉంది. నలుపు తెలుపు గీతలే, అన్నీ చేత్తో గీసినవి. చప్పుళ్లు కూడా తయారుచేసినవాళ్లు నోటితో చేసినవే. పొదలు తప్పిస్తే, గుడారం తెర ఎత్తితే, తలుపు తడితే లోపల మనుషులు కనిపిస్తారు. గడియారం లేదు, స్కోరు లేదు. నా ఓటు దీనికే.

కొనేముందు ఒకటి చెయ్యి. బిగ్ ఫిష్ వాళ్లది ముందు గంటసేపు ఉచితంగా ఆడనిచ్చే పద్ధతి. ఆ గంటలో కథ చూస్తూ కూర్చోకు, సెట్టింగ్స్ చూడు. సంగీతం, మాటలు వేరువేరుగా తగ్గించుకోవచ్చా? జాబితాలో అక్షరాలు కళ్లద్దాలు లేకుండా కనిపిస్తున్నాయా? పేర్లకు బదులు నీడబొమ్మలు చూపిస్తే ఇంకా మంచిది, మనం ఎన్నడూ చూడని పైదేశపు పనిముట్లు చాలా వస్తాయి. కలెక్టర్స్ ఎడిషన్ అని ఎక్కువ ధరకు అమ్ముతారు. అదనంగా ఒక చిన్న అధ్యాయం, వాల్‌పేపర్లు, దారి చెప్పే గైడ్ ఇస్తారు. మామూలు ఎడిషన్ నీకు చాలు, ఎక్కడైనా చిక్కుకుంటే నెట్‌లో దారి వెతుక్కోవచ్చు.

కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. మీ ఆయన పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ మీద కూడా వీటిలో చాలా వరకు నడుస్తాయి. బ్రౌజర్‌లో ఊరికే ఆడుకునే పాత ఆటల కోసం మాత్రం వెతకొద్దు, అవి ఎక్కువగా ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి, 2020 డిసెంబరుతో దానికి చెల్లిపోయింది. ఎండాకాలం చిత్తూరులో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ల్యాప్‌టాప్ బ్యాటరీ బాగుందో లేదో చూసుకో. టచ్‌ప్యాడ్ మీద ఆడితే మణికట్టు లాగేస్తుంది, మౌసు పెట్టుకో.

కళ్ల సంగతి. ప్రతి 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కళ్ల డాక్టర్లు చెబుతారు. బ్యాంకులోనూ స్క్రీనే, ఇంట్లోనూ స్క్రీనే కాబట్టి నీకిది తప్పదు. నాకు కిటికీలోంచి తిరుమల కొండ కనిపిస్తుంది, దాన్ని చూస్తాను. నువ్వు మిద్దె మీదికి పోయి ఆరేసిన బట్టలు తెచ్చుకో, రెండు పనులూ అవుతాయి. పదకొండు దాటితే సీన్ మధ్యలో ఉన్నా మూసెయ్యి. చాలా ఆటలు వాటంతటవే సేవ్ చేసుకుంటాయి, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

వచ్చే శనివారం తిరుపతికి వస్తావు కదా. హిడెన్ ఫోక్స్ నా కంప్యూటర్‌లో ఉంది, ఒక గంట కూర్చుని చూడు. నచ్చితేనే కొనుక్కో. మామిడికాయ పచ్చడి డబ్బా ఖాళీది తీసుకురావడం మర్చిపోకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ