వలలో పడిన ఈల్ కొత్తదేనా?

అమ్మాయ్,

లోతు సముద్రం నుంచి వచ్చిన ఈల్ (పాములాంటి చేప) ఏ వర్ణనకూ సరిపోలడం లేదని రాశావు. "కొత్త జాతి" అన్న మాట ఇంకా పైకి అనకు. ముందు తోక చూడు.

ట్రాల్ వలలో ఈల్ తోక తెగడం మామూలే. అంతకుముందే సముద్రంలో తెగి ఉంటే, ఆ చోట గాయం మానాక రెక్క మళ్లీ పెరిగి, చూడ్డానికి తోక నిండుగానే కనిపిస్తుంది. అలాంటి చేపలో మొత్తం పొడవూ, మొత్తం వెన్నుపూసల లెక్కా రెండూ నమ్మదగినవి కావు. కొలతలను తల పొడవుతో, మలద్వారం దాకా ఉన్న పొడవుతో పోల్చి రాయి. 750కి మించి వెన్నుపూసలుండే స్నైప్ ఈల్ అనే లోతు సముద్రపు ఈల్‌లో దారంలాంటి తోక దాదాపు ఎప్పుడూ తెగే ఉంటుంది.

ఇక నిల్వ. ఇక్కడ పాడైనదాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. చేప తాజాగా ఉన్నప్పుడే ఎడమ వైపు ఫొటో తీయి, రంగులు ఎక్కువసేపు నిలవవు. తర్వాత కుడి వైపు కండ బఠాణీ గింజంత కోసి 95 శాతం ఎథనాల్‌లో వేయి. ఇదంతా ఫార్మలిన్ (నమూనాను కుళ్లకుండా గట్టిపరిచే ద్రావణం) తగలకముందే జరగాలి, ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది. అప్పుడు చేపను పొడవాటి ట్రేలో తిన్నగా చాపి, ఒక పాలు ఫార్మలిన్‌కు తొమ్మిది పాళ్లు సముద్రపు నీళ్లు కలిపి పోయి. పొట్టలోకి సిరంజితో కూడా ఎక్కించు, లేకపోతే లోపల కుళ్లుతుంది. చుట్టచుట్టుకుని బిగుసుకుపోయిన ఈల్‌ను తర్వాత కొలవలేవు. గట్టిపడ్డాక నీళ్లలో బాగా నానబెట్టి 70 శాతం ఎథనాల్‌కు మార్చు. చేపతో ఉంచే చీటీ, కండ సీసా మీది చీటీ ఒకే నంబరుతో ఉండాలి.

ఈల్ వర్గీకరణకు వెన్నెముక లెక్కలే ఆయువుపట్టు. వీపు రెక్క మొదలయ్యే చోటా, మలద్వారం దగ్గరా సన్నని సూదులు గుచ్చి ఎక్స్‌రే తీయి. వెన్నుపూసలు రెక్కకు ముందు ఎన్ని, మలద్వారానికి ముందు ఎన్ని, మొత్తం ఎన్ని అని మూడు లెక్కలు రాయి. సూది లేకపోతే ఆ హద్దు ఊహే అవుతుంది. పార్శ్వరేఖ (ఒంటి పక్కన పొడవునా సాగే స్పర్శ గీత) రంధ్రాలూ, తల మీద కంటి పైనా, కింద, దవడ వెంట ఉండే రంధ్రాలూ విడివిడిగా లెక్కించు. తడి చర్మం మీద అవి కనబడవు. మెల్లగా గాలి ఊది ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద చూడు. పళ్లను పై దవడ, కింది దవడ, అంగిలి మధ్య అని వేరువేరుగా గీసుకో. అంగిలి మధ్య పళ్ల వరసలే చాలాసార్లు ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును) పట్టిస్తాయి.

పొరపాట్లు రెండు చోట్ల దాగి ఉంటాయి. మొదటిది లింగభేదం: పరిపక్వమైన మగ స్నైప్ ఈల్‌కు పళ్లు ఊడి, ముక్కులా సాగిన దవడలు కురచబడతాయి. దాన్ని వేరే జాతి అనుకున్నవాళ్లు ఉన్నారు. కాబట్టి పొట్ట కోసి బీజకోశం చూడాల్సిందే. రెండోది పిల్ల దశ. ఆకులాగా పల్చగా, పారదర్శకంగా ఉండే లెప్టోసెఫాలస్‌కు పెద్ద చేప పోలికే ఉండదు, కండర ఖండాల లెక్క మాత్రం వెన్నుపూసల లెక్కకు దగ్గరగా వస్తుంది. ఇంకో మాట, లెప్టోసెఫాలస్ అన్నంత మాత్రాన ఈల్ కాదు. 1930లో డానా అనే పరిశోధన నౌకకు దొరికిన 1.8 మీటర్ల పిల్లను చూసి రాక్షస ఈల్‌లు ఉన్నాయనుకున్నారు. అది నోటకాంథిడ్‌ల కోవదని, అంటే అసలు ఈల్‌లు కాని వేరే లోతు సముద్రపు చేపలదని తర్వాత తేలింది.

జాతులను గుర్తించడానికి వాడే సీఓఐ జన్యువు పోలిక అవసరమే, కానీ డేటాబేస్‌లో తప్పు పేరుతో ఉన్న డీఎన్ఏ వరసలు తక్కువేమీ కాదు. మ్యూజియంలో నమూనా ఉన్న వరసనే నమ్ము. దగ్గరి జాతుల హోలోటైప్‌లు (జాతి పేరుకు ఆధారమైన మూల నమూనాలు) తెప్పించుకోలేకపోతే వాటి ఎక్స్‌రేలు అడుగు.

పేరు సంగతి ఆఖరున. హోలోటైప్ ఏదో, ఏ సంగ్రహాలయంలో ఉంటుందో వ్యాసంలో స్పష్టంగా రాయాలి. ఎలక్ట్రానిక్ పత్రికైతే జంతు నామకరణ 2012 నియమం ప్రకారం జూబ్యాంక్ (జంతువుల పేర్ల అధికారిక రిజిస్టర్) నమోదు అందులోనే కనబడాలి. సదస్సు సారాంశాల్లో పేరు బయటపెట్టకు.

ఒక్క చేపతోనే ప్రకటించాలని తొందరపడకు. అదే లోతులో మరో రెండు మూడు దొరికేదాకా ఆగితే, తేడా జాతిదో ఆ ఒక్క చేపదో తేలుతుంది. ఈలోగా సూదులు గుచ్చిన ఎక్స్‌రేను మూడుసార్లు లెక్కించి, మూడు అంకెలూ సరిపోయినా సరిపోకపోయినా అలాగే నాకు పంపు.