ఆఖరి గేరు పడటం లేదంటే గేర్‌బాక్స్ పోయినట్టేనా?

"అన్నా, హైవే మీద ఆఖరి గేరు పడటం లేదు. షాపుకి తీసుకెళ్తే ట్రాన్స్‌మిషన్ పోయింది, 2,800 డాలర్లవుతుంది అన్నాడు. కారు కొన్నదే 3,500కి. ఏం చెయ్యమంటావు?"

డాలస్ దగ్గర మాస్టర్స్ చేస్తున్న తమ్ముడు ఒకడు మొన్న రాత్రి పదింటికి ఫోన్ చేసి అడిగాడు. గొంతులోనే టెన్షన్ తెలిసిపోతోంది. ఏటా ఇదే వరస. ఆగస్టులో దిగుతారు, దసరా నాటికి నలుగురు రూమ్మేట్లు తలా కాస్త వేసుకుని లక్షన్నర మైళ్ళు తిరిగిన పాత సెడాన్ ఒకటి కొంటారు. టెక్సస్‌లో కారు లేకపోతే పాలప్యాకెట్ కూడా దొరకదు కాబట్టి కొనడం తప్పేం కాదు. ఆ కారుకి మొదటి జబ్బు చేసినప్పుడు మాత్రం చేతిలో డబ్బూ ఉండదు, అడగడానికి మనిషీ ఉండడు. "ఎక్కడా సంతకం పెట్టకు, అడ్వాన్స్ ఇవ్వకు, రేపు సాయంత్రం నేనొస్తాను" అని చెప్పాను.

ఆ తమ్ముడు చెప్పిన మాటలో అబద్ధం లేదు. ఆఖరి గేరు పడనట్టు అనిపించేది నిజమే. కానీ పాత ఆటోమేటిక్ కార్లలో అలా అనిపిస్తే అది చాలాసార్లు గేరు కాదు, టార్క్ కన్వర్టర్ లాకప్. ఈ తేడా తెలియకనే కొత్తగా వచ్చినవాళ్ళు వేల డాలర్లు పోసుకుంటున్నారు.

మనలో చాలామంది ఇంటి దగ్గర నడిపింది గేరు బండి. మా నాన్న ఆర్టీసీలో డ్రైవరు. బస్సు ఆపేముందు ఆయన ఎడమకాలు క్లచ్ మీదికి దానంతటదే వెళ్ళడం చిన్నప్పటి నుంచీ చూశాను. ఆటోమేటిక్‌లో ఆ కాలు చేసే పని టార్క్ కన్వర్టర్ చేస్తుంది. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య గుండ్రటి ఇనప డబ్బా ఉంటుంది, దాన్నిండా ఆయిల్. ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ని తిప్పితే ఆ తాకిడికి గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి. బిందెలో నీళ్ళు చేత్తో గిర్రున తిప్పి చెంబు వదిలితే అదీ తిరుగుతుంది కదా, అలాగన్నమాట. చెంబు ఎప్పుడూ చేతికన్నా కాస్త వెనకే ఉంటుంది. ఆ వెనకబాటు ఉంది కాబట్టే సిగ్నల్ దగ్గర డ్రైవ్‌లో పెట్టి ఆపినా ఇంజిన్ ఆగిపోదు.

హైవే మీద మాత్రం అదే వెనకబాటు దండగ. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ వేడెక్కుతుంది. అందుకని ఆ డబ్బాలోపలే ఒక క్లచ్ పెట్టారు. వేగం కుదురుకున్నాక అది అతుక్కుని రెండు వైపుల్నీ ఒకటి చేస్తుంది. అదే లాకప్. ప్యాకార్డ్ కంపెనీ 1949లోనే తన అల్ట్రామాటిక్‌లో ఇది పెట్టింది. అందరికీ అలవాటైంది మాత్రం 1978 మోడళ్ళలో క్రైస్లర్ మొదలుపెట్టాక. నాలుగు గేర్ల పాత ఆటోమేటిక్‌లో లాకప్ పడటం అచ్చం ఐదో గేరు పడ్డట్టే ఉంటుంది. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చక్కర్లు తిరుగుతోందో చూపించే టాకోమీటర్ ముల్లు 200, 300 కిందికి దిగి, ఇంజిన్ మోత తగ్గి, కారు హాయిగా సాగుతుంది. అది పడకపోతే నడిపేవాళ్ళకి గేరు పడలేదనే అనిపిస్తుంది. తొందరలో ఉన్న మెకానిక్‌కి కూడా అలాగే అనిపించవచ్చు.

మర్నాడు సాయంత్రం వెళ్ళి ముందు గేరు రాడ్ పక్కన ఉండే ఓవర్‌డ్రైవ్ బటన్ చూశాను. చాలా పాత కార్లలో అది ఉంటుంది. పొరపాటున నొక్కుకుపోతే నాలుగో గేరు నిజంగానే పడదు, డాష్‌బోర్డు మీద ఓ/డి ఆఫ్ అని లైటు వెలుగుతుంది. ఒక అక్కయ్య నెలరోజులు అలాగే నడిపారు. ఇతని కార్లో అది సరిగానే ఉంది. పైగా ఆ లైటు, లేదా హోండాల్లో అయితే డి లైటు, ఆగి ఆగి మిణుకుమంటే గేర్‌బాక్స్ కంప్యూటరు ఏదో తప్పు పట్టుకుందని అర్థం. అదీ లేదు.

సరే అని ప్లేనో దాటి యూఎస్ 75 మీద ఉత్తరంగా బయల్దేరాం. కుడి లేన్‌లో గంటకి 60 మైళ్ళ దగ్గర నిలిపాను. ముల్లు 2,400. కుడికాలు కదపకుండా ఎడమకాలితో బ్రేక్‌ని ఊరికే తాకాను, వేగం తగ్గకుండా, బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే. లాకప్ పడి ఉంటే ఆ తాకిడికి అది విడిపోయి ముల్లు 200, 300 పైకి లేవాలి, కాలు తీసిన కాసేపటికి మళ్ళీ దిగాలి. ఇక్కడ ముల్లు అటూ ఇటూ కదల్లేదు. అంటే అసలు లాకప్ పడటమే లేదు. నాలుగు గేర్లూ మాత్రం పడుతున్నాయి, నేను లెక్కపెట్టాను.

తర్వాత క్రూజ్ కంట్రోల్, అంటే కాలు పెట్టకుండానే వేగాన్ని ఒకేలా ఉంచేది, నొక్కి చూశాను. అదీ పట్టుకోలేదు. "ఇది ఎప్పట్నుంచి పనిచెయ్యట్లేదు?" అంటే, "నేనెప్పుడూ వాడలేదన్నా" అన్నాడు. "ఇంకేమైనా ఇబ్బందులున్నాయా?" అంటే అప్పుడు చెప్పాడు. ఈ వారంలో రెండు పొద్దులు బ్యాటరీ డౌన్ అయితే జంప్ స్టార్ట్ చేసుకున్నాడట. వెనకవాళ్ళు ఎందుకో హారన్ కొడుతున్నారట. ఈ దేశంలో ఊరికే హారన్ కొట్టరు.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఇంజిన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, ఇద్దరం దిగాం. అప్పటికి చీకటి పడుతోంది. కారు వెనకనున్న గోడ మీద ఎర్రటి వెలుగు. బ్రేక్ మీద ఎవరి కాలూ లేదు.

ఫోన్ లైటు వేసి పెడల్ కిందికి చూస్తే మ్యాట్ మీద చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు, గోళ్ళతో నలిపితే పొడి అయిపోయేవి. బ్రేక్ పెడల్ కడ్డీకి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, దానికి ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి బిగించి ఉంటుంది. కాలు తీసినప్పుడు ఆ బిళ్ళే వచ్చి స్విచ్‌ని నొక్కి లైటు ఆర్పుతుంది. 15, 20 ఏళ్ళయ్యేసరికి బిళ్ళ ఎండి పొడైపోతుంది. ఇక స్విచ్ పుల్ల రంధ్రంలోకి దూరిపోతుంది, దాని లెక్కలో బ్రేక్ ఎప్పుడూ నొక్కినట్టే. ఆ ఒక్క స్విచ్ మాటే అందరూ వింటారు. లైట్లు ఆరవు, క్రూజ్ పట్టుకోదు, కంప్యూటరు లాకప్ వెయ్యదు. ఆగబోయే కారులో లాకప్ ఉంటే ఇంజిన్ ఆగిపోతుంది కదా, అందుకని. రాత్రంతా లైట్లు వెలిగి బ్యాటరీ కూడా పడిపోతుంది.

ఆ రాత్రికి క్వార్టర్ నాణెం ఒకటి రంధ్రానికి అడ్డంగా పెట్టి టేపు చుట్టాం. లైట్లు ఆరాయి. మళ్ళీ హైవే ఎక్కితే 60 దగ్గర ముల్లు 2,100. బ్రేక్ తాకితే లేచింది, వదిలితే దిగింది. ఆ తమ్ముడు మాట్లాడలేదు, స్టీరింగ్ మీద చేత్తో రెండుసార్లు తట్టాడంతే. మర్నాడు కొత్త బిళ్ళ తెచ్చి వేసుకున్నాడు, కొద్ది డాలర్ల వస్తువు. నాణెంతో రోజులు నెట్టకండి. అది ఊడిపోతే మళ్ళీ మొదటికే, పైగా మీరు నిజంగా బ్రేక్ వేసింది వెనకవాళ్ళకి తెలియదు.

ఈ బ్రేక్ పరీక్ష మీరూ చేసుకోవచ్చు, కానీ ఒక్క మాట. గేరు బండి అలవాటున్న ఎడమకాలు బ్రేక్‌ని క్లచ్ అనుకుని మొత్తం తొక్కేస్తుంది. అందుకని ముందు ఖాళీ పార్కింగ్‌లో పదిసార్లు సాధన చేసి, తర్వాత వెనక ఎవరూ లేని రోడ్డు మీద చెయ్యండి. పక్కన ఇంకొకరుంటే ముల్లు వాళ్ళు చూస్తారు, మీ కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక చెయ్యాలి, చల్లటి ఇంజిన్‌తో చాలా కార్లలో లాకప్ పడదు. చికాగో, మినియాపొలిస్ వైపు ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతే చలికాలంలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లాకప్ పడదు, కార్లో హీటరు గాలి కూడా గోరువెచ్చగానే వస్తుంది. కారు కంప్యూటరు రాసిపెట్టుకునే తప్పు కోడ్ చూస్తే పీ0128 అని ఉంటుంది. అదీ చవకలో అయ్యే పనే. విడివిడి గేర్లు లేని సీవీటీ గేర్‌బాక్స్ ఉన్న కార్లకి మాత్రం ఈ లెక్కలు పెట్టకండి, వాటి సంగతి వేరు.

దీనికి తిరగబడ్డ జబ్బు ఒకటుంది, లాకప్ పడి విడిపోకపోవడం. హైవే మీద కారు బంగారంలా నడుస్తుంది. ఎగ్జిట్ తీసుకుని సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే గడగడమని వణికి ఇంజిన్ ఆగిపోతుంది. క్లచ్ తొక్కకుండా గేరు బండి ఆపితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలే. ఆగేముందు న్యూట్రల్‌లోకి తెస్తే ఆగిపోకపోతే అనుమానం దాదాపు తీరినట్టే. చాలాసార్లు కారణం లాకప్ సాలినాయిడ్, అంటే లాకప్‌కి ఆయిల్ వదిలే కరెంటు వాల్వు, ఇరుక్కుపోవడం. కోడ్ పీ0742 రావచ్చు. చాలా కార్లలో ఆయిల్ ప్యాన్ విప్పి సాలినాయిడ్ మార్చేస్తారు, గేర్‌బాక్స్ దించక్కర్లేదు. ఈ జబ్బుతో ట్రాఫిక్‌లో తిరగకండి. ఇంజిన్ ఆగితే స్టీరింగూ బ్రేకూ బరువెక్కిపోతాయి.

ఇక వణుకు. నా చెయ్యి కాలింది ఇక్కడే. 2009లో నేను విద్యార్థిగా ఉన్నప్పుడు నా కారు 45 మైళ్ళ దగ్గర, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచినప్పుడు వణికేది. రోడ్డు అంచున గీతలు కోసిన చోట టైరు ఎక్కితే వచ్చే గరగర ఉంటుందే, అది. ఒక షాపులో కన్వర్టర్ పోయిందన్నారు. స్నేహితుడి దగ్గర అప్పు చేసి 1,400 డాలర్లిచ్చి మార్పించాను. తెల్లారి కాలేజీకి వెళ్తుంటే అదే చోట అదే వణుకు. చివరికి అది స్పార్క్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్. 60 డాలర్లలో పోయింది. ఆ అప్పు తీర్చడానికి నాకు రెండు సెమిస్టర్లు పట్టింది.

ఎందుకలా మోసపోతామంటే, లాకప్ పడ్డప్పుడు ఇంజిన్ తక్కువ చక్కర్లలో ఎక్కువ బరువు లాగుతుంది. మధ్యలో దెబ్బని మింగే ఆయిల్ మెత్తదనం ఉండదు. బలహీనమైన స్పార్క్ సరిగ్గా అక్కడే బయటపడుతుంది. బ్రేక్ తాకితే రెండు రకాల వణుకూ ఆగిపోతుంది కాబట్టి ఆ పరీక్ష ఒక్కటే చాలదు. ఓవర్‌డ్రైవ్ ఆఫ్ చేసి ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కండి. అప్పుడూ ఎగిరెగిరి పడితే అనుమానం ఇంజిన్ మీదే. 1996 మోడల్ నుంచి ఇక్కడ అమ్మిన ప్రతి కారులోనూ స్టీరింగ్ కింద ఓబీడీ-2 పోర్ట్ ఉంటుంది. 20 డాలర్ల బ్లూటూత్ స్కానర్ పెడితే ఫోన్‌లో కోడ్ కనిపిస్తుంది. చాలా పార్ట్స్ షాపుల్లో ఉచితంగా కూడా చూసిపెడతారు. పీ0300 నుంచి పీ0304 దాకా ఏదైనా ఉంటే ముందు ప్లగ్గులూ కాయిల్సూ. పీ0741 అయితే లాకప్ పట్టు జారుతోందని.

నిజంగా లాకప్ వణుకే అయినా ముందు ఆయిల్ చూడండి. ఎర్రగా ఉంటే మంచిది. గోధుమరంగు అయితే పాతబడింది. మాడు వాసనా నల్లరంగూ అయితే లోపల క్లచ్ కాలుతోంది. రోజ్‌మిల్క్ రంగులో చిక్కగా ఉంటే రేడియేటర్ నీళ్ళు కలిశాయి, ఆ కారు ఇక నడపకండి. చూసే పద్ధతి కారుని బట్టి మారుతుంది. టయోటాల్లో ఇంజిన్ నడుస్తుండగా చూడాలి, హోండాల్లో వేడెక్కిన ఇంజిన్ ఆపిన ఒకటిన్నర నిమిషం లోపు చూడాలి. ఆయిల్ మార్చాలంటే ఓనర్స్ మాన్యువల్లో రాసిందే పొయ్యాలి. హోండాకి డీడబ్ల్యూ-1, టయోటాలో మోడల్‌ని బట్టి టీ-4 లేదా డబ్ల్యూఎస్, క్రైస్లర్‌కి ఏటీఎఫ్+4. అన్నిటికీ సరిపోతుందని అమ్మే డబ్బా పోసి వణుకు కొనితెచ్చుకున్నవాళ్ళని చూశాను. ఒకసారి వంపితే సగం కూడా దిగదు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉంటుంది. అందుకని నేనైతే కొన్ని వందల మైళ్ళ ఎడంతో మూడుసార్లు వంపి పోస్తాను. చాలాసార్లు వణుకు దానితోనే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అప్పుడు కన్వర్టర్ మాట. గేర్‌బాక్స్ దించాలి కాబట్టి కూలీతో కలిపి వెయ్యి డాలర్లు దాటుతుంది. ఆ కారుకి అంత పెట్టొచ్చా అని అప్పుడు ఆలోచించుకోవాలి.

ఇంకా కొనని తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చెప్పేది. టెస్ట్ డ్రైవ్ అంటే అపార్ట్‌మెంట్ చుట్టూ ఒక రౌండు కాదు. ఇరవై నిమిషాలు నడిపి, హైవే ఎక్కి, 45 దగ్గరా 60 దగ్గరా కాలు తేలిగ్గా ఉంచి చూడండి. క్రూజ్ నొక్కండి. దిగి వెనక లైట్లు చూడండి. స్కానర్ పెట్టి కోడ్లతో పాటు రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనని తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి, కూడా చూడండి. డాలస్, కాలిన్ లాంటి కౌంటీల్లో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే ఎమిషన్స్ టెస్ట్ (పొగ పరీక్ష) ఫెయిలవుతుంది, అందుకని కొందరు అమ్మేముందు కోడ్లు చెరిపేస్తారు. మానిటర్లు చాలావరకు 'నాట్ రెడీ' అని చూపిస్తే ఈమధ్యే ఎవరో చెరిపారనో, బ్యాటరీ విప్పారనో అర్థం. రెండు రోజులు నడిపాక మళ్ళీ చూస్తానని అమ్మేవాళ్ళతో చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేసి ఇంటికి రండి.