పాత వీడియో మెషీన్‌కి అంత కాపలా ఎందుకు?

ప్రశ్న: 1950ల్లో అమెరికా టీవీ స్టేషన్లలో బీరువాలంత వీడియో మెషీన్లు ఉండేవట, ఒక్కోదాని దగ్గర ఇంజనీరు కూర్చునే ఉండాలట. బటన్ నొక్కితే సరిపోదా? టేపును బ్లేడుతో కోసేవారన్నది కూడా నిజమేనా?

జవాబు: బటన్ నొక్కడం చివరి పనండీ! ఆంపెక్స్ కంపెనీ 1956 ఏప్రిల్‌లో షికాగోలో చూపించిన మెషీన్ సంగతే చూద్దాం, అదే ఏడాది నవంబర్ 30న సీబీఎస్ అనే టీవీ నెట్‌వర్క్ దాని మీద రికార్డు చేసిన వార్తల్ని పశ్చిమ తీరానికి ఆలస్యంగా ప్రసారం చేసింది. టేపు వెడల్పు 2 అంగుళాలు, కదిలేది సెకనుకు 15 అంగుళాలే. ఆ వేగానికి బొమ్మ ఎక్కదు కాబట్టి 4 హెడ్లు, అంటే బొమ్మను టేపు మీద అయస్కాంత గుర్తులుగా రాసి, తిరిగి చదివే ముక్కలు, ఉన్న చిన్న చక్రం నిమిషానికి 14,400 చుట్లు తిరుగుతూ టేపును అడ్డంగా గీసుకుంటూ పోతుంది. హెడ్ కొస టేపులోకి కాస్త నొక్కుకోవాలి కూడా, అంచేత రెండూ అరుగుతాయి, మొదట్లో హెడ్ 100 గంటలు పనిచేస్తే గొప్ప.

ఆపరేటర్ కళ్లు ఎప్పుడూ మానిటర్ మీదే. ఒక్కో హెడ్ బొమ్మలో 16 లైన్ల చొప్పున పట్టీ గీస్తుంది. ప్రతి నాలుగో పట్టీలో చుక్కలు పోస్తున్నాయంటే ఒక హెడ్‌కి టేపు పొడి పట్టుకున్నట్టే, మెషీన్ ఆపి ద్రావకంలో తడిపిన దూదిపుల్లతో తుడవాల్సిందే. నిలువుగా ఉండాల్సిన స్తంభం పట్టీ పట్టీకి మెట్లలా జరిగితే తప్పు హెడ్‌ది కాదు, టేపును వాక్యూమ్‌తో వంచి పట్టుకునే గైడ్‌ది. దాన్ని వెంట్రుకవాసి జరిపితే స్తంభం నిటారవుతుంది. ఇంకో తలనొప్పి, తొలిరోజుల్లో ఏ హెడ్ల సెట్టుతో రికార్డు చేశారో దానితోనే ప్లే చేయాలి, లేదంటే బొమ్మ సరిగా రాదు.

ఇక బ్లేడు మాట నిజమే. టేపు మీద బొమ్మ కంటికి కనపడదు కదా, సన్నటి ఇనుప పొడి కలిపిన ద్రవం పూస్తే ట్రాకులు, అంటే హెడ్లు గీసిన గీతలు, తేలేవి, మైక్రోస్కోప్‌లో ఎడిట్ గుర్తు వెతికి సరిగ్గా అక్కడ కోసి, వెనకవైపు పల్చటి అల్యూమినియం టేపు అతికేవారు. గీత కొంచెం తప్పినా ఆ చోటికి రాగానే బొమ్మ దొర్లిపోయేది. గంట టేపు 300 డాలర్ల దాకా పలికేది, కోస్తే మళ్లీ వాడుకోవడం కష్టం. అందుకే పైవాళ్లు వీలైనంతవరకు బ్లేడు పట్టనిచ్చేవారు కాదు, ప్రసారం అయ్యాక పాత కార్యక్రమాన్ని చెరిపేసి అదే టేపు మీద కొత్తది ఎక్కించమనేవారు. అలా పోయినవి బోలెడు.