డి స్క్వేర్ ప్లస్ 4 దగ్గర ఆగిపోతే ఓడల చదువు మానేయాలా?

ప్రశ్న: మాది గాజువాక. బీటెక్ మెకానికల్ రెండో ఏడాది చదువుతున్నాను. ఫస్టియర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పేపరు రెండుసార్లు పోయింది. సెకండ్ ఆర్డర్ (రెండో అవకలజం దాకా ఉండే) లెక్కల పద్ధతులన్నీ బట్టీపట్టినా, పరీక్షలో ఏది వాడాలో తోచదు. నేవల్ ఆర్కిటెక్చర్‌లో ఎంటెక్ చేయాలని నా కోరిక. ‘లెక్కలు రానివాడికి ఓడలెందుకురా’ అంటున్నారు నాన్న. మానేయమంటారా?

జవాబు: మానేయొద్దు. అయితే మీ నాన్నగారి మాటలో సగం నిజముంది. ఓడల చదువులో ఈ సెకండ్ ఆర్డర్ సమీకరణం అడుగడుగునా ఎదురవుతుంది.

మీరు పద్ధతులు నేర్చుకున్నారు కానీ లెక్క ముఖం చూసి దాన్ని గుర్తుపట్టడం నేర్చుకోలేదు. గుణకాలు స్థిరంగా ఉంటే ముందు ఆగ్జిలరీ ఈక్వేషన్ (డి బదులు ఎం పెట్టి రాసే మామూలు సమీకరణం; డి అంటే అవకలనం చేయమనే గుర్తు) రాసి, మూలాలను బట్టి సి.ఎఫ్. (కాంప్లిమెంటరీ ఫంక్షన్, కుడివైపు సున్నా అనుకుంటే వచ్చే జవాబు) తేల్చేయండి. ఆ తర్వాతే కుడివైపు చూడండి. అక్కడ e పవర్, సైన్, కాస్, బహుపది ఉంటే ఈ డి తోనే చేసే ఆపరేటర్ పద్ధతి చాలు. సెక్, టాన్ కనిపిస్తే వేరియేషన్ ఆఫ్ పారామీటర్స్. గుణకాల్లో ఎక్స్ స్క్వేర్, ఎక్స్ వరసగా ఉంటే కోషీ-ఆయిలర్. ఎక్స్ స్థానంలో e పవర్ జెడ్ పెడితే మళ్లీ పాత లెక్కే.

ఇక అందరూ బోల్తాపడే చోటు ఒకటుంది. నేనూ పడ్డాను. (డి² + 4) వై = సైన్ 2ఎక్స్. సూత్రం ప్రకారం డి² బదులు −4 పెడితే హారం సున్నా. పుస్తకాల్లో దీన్ని ఫెయిల్ కేస్ అంటారు. ముందు ఒక ఎక్స్ రాసి, హారాన్ని డి పరంగా అవకలనం చేయండి, 2డి వస్తుంది. వన్ బై డి అంటే సమాకలనమే కదా. పి.ఐ. (పర్టిక్యులర్ ఇంటెగ్రల్, కుడివైపు పదం వల్ల వచ్చే జవాబు) −(ఎక్స్ కాస్ 2ఎక్స్)/4.

ముందుకొచ్చిన ఆ ఎక్స్‌ను కాలం అనుకోండి. కాలం గడిచేకొద్దీ ఊపు పెరుగుతూ పోతుందన్నమాట. ఓడ ఒక పక్కకు ఒరిగితే నీరు దాన్ని మళ్లీ నిలబెడుతుంది, దాంతో అది తనదైన లయలో ఊగుతుంది. అలలు సరిగ్గా అదే లయలో వచ్చి తాకితే అదే రెజొనెన్స్. అసలు ఓడ విషయంలో నీటి నిరోధం వల్ల మొదటి అవకలజం కూడా చేరి ఊపును అదుపు చేస్తుంది. ఆ నిరోధం పెంచడానికే ఓడ అడుగు వంపు వెంట రెండువైపులా పొడవాటి ఇనుప రెక్కలు బిగిస్తారు. వాటిని బిల్జ్ కీల్స్ అంటారు. పేపర్లో మిమ్మల్ని ఏడిపించిన ఫెయిల్ కేసే ఓడ డిజైన్ చేసేవాళ్ల పెద్ద టెన్షన్.

ఇక దారి సంగతి. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ మెరైన్ ఇంజినీరింగ్ పేపరు 2022 నుంచి ఉంది. మీ మెకానికల్ పేపర్లోనైతే ఇంజినీరింగ్ మ్యాథ్స్‌కు వందకు 13 మార్కులు. మూడో ఏడాది నుంచే రాయొచ్చు. హిందుస్థాన్ షిప్‌యార్డ్, నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ అన్నీ మన విశాఖలోనే ఉన్నాయి. ఇంత దగ్గరుండి ఈ చదువు వదులుకోవడం నాకైతే నచ్చదు.

ఈ వారం అయిదు పాత ప్రశ్నపత్రాలు ముందేసుకోండి. ఒక్క లెక్కా చేయొద్దు, ప్రతి ప్రశ్న పక్కన పెన్సిల్‌తో పద్ధతి పేరు మాత్రం రాయండి. తప్పుపోయినవి ఆదివారం పూర్తిగా చేయండి. సప్లీ ఫీజు గడువు ఎప్పుడో రేపే కాలేజీలో కనుక్కోండి.