అబ్బాయి ఫుటీ జీతం: కారా, ప్లాటా?

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌లో టార్నీట్‌లో ఉంటాం. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఇక్కడ ఫుటీ అంటారు) లీగ్ ఏఎఫ్‌ఎల్‌లో, క్లబ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వాణ్ని ఒక క్లబ్ తీసుకుంది. రెండేళ్ల కాంట్రాక్టు, ఏడాదికి 1,30,000 డాలర్లు. వాడేమో 80 వేలు పెట్టి లోన్ మీద కారు కొంటానంటున్నాడు. వాళ్ల నాన్నగారు శంకర్‌పల్లి దగ్గర ప్లాటు కొనేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ ఇప్పుడే వద్దమ్మా. 2025-26 రేట్ల ప్రకారం పన్ను, మెడికేర్ లెవీ (ప్రభుత్వ వైద్యం కోసం కట్టేది) పోగా మీవాడి చేతికొచ్చేది దాదాపు 97 వేలు. అది కూడా రెండేళ్లకే ఖాయం. ఆ తర్వాత క్లబ్ డీలిస్ట్ చేసిందంటే, అంటే జట్టు నుంచి తీసేసిందంటే, కారు ఈఎమ్‌ఐ మీ మీద పడుతుంది. పెద్ద కాంట్రాక్టు ఉన్నా ఆటకు భరోసా లేదు. మెల్‌బోర్న్ క్లబ్‌కి 2021లో కప్పు గెలిచిన జట్టులో ఆడిన ఆంగస్ బ్రేషాకి 2028 దాకా కాంట్రాక్టు ఉండేది. తలకు తగిలిన దెబ్బల వల్ల డాక్టర్ల మాట మీద 2024 ఫిబ్రవరిలో, 28 ఏళ్లకే ఆట మానేశాడు.

ముందు పన్ను సంగతి చూడండి. ఆస్ట్రేలియాలో క్రీడాకారులకు ఇన్‌కమ్ ఏవరేజింగ్ అనే వెసులుబాటు ఉంది. ఆదాయాన్ని గత నాలుగేళ్ల సగటుతో పోల్చి పన్ను లెక్క కడతారు కాబట్టి, సంపాదన ఒక్కసారిగా పెరిగే మొదటి ఏళ్లలో బాగా కలిసొస్తుంది. మామూలు జీతగాళ్ల రిటర్నులు వేసే అకౌంటెంట్లకు ఇది తట్టకపోవచ్చు, మీరే అడగండి. ఏజెంట్ ఫీజు, బూట్ల ఖర్చు కూడా చూపించుకోవచ్చు.

రిఫండు వస్తే ముట్టుకోకుండా ఏడాది ఖర్చులకు సరిపడా సేవింగ్స్‌లో ఉంచండి. మీ ఇంట్లోనే ఉంటున్నాడంటే అదేమీ కష్టం కాదు.

తర్వాత ఇల్లు. సూపర్‌లో, అంటే మన పీఎఫ్ లాంటి రిటైర్మెంట్ ఖాతాలో, పడిన డబ్బు మామూలుగా 60 ఏళ్ల దాకా రాదు. కానీ మొదటి ఇంటి కోసం సొంతంగా అదనంగా వేసుకున్నది ఏడాదికి 15 వేలు, మొత్తం 50 వేల దాకా వెనక్కి తీసుకునే పథకం ఉంది. 12 శాతం లెక్కన క్లబ్ వేసేది 15,600. క్లబ్ వేసేది, సొంతంగా వేసేది కలిపి 2025-26లో పన్ను రాయితీ పరిమితి 30 వేలు కాబట్టి మీవాడు 14,400 మించి వేయకుండా చూసుకోండి.

నాన్నగారి ప్లాటు చెడ్డ ఆలోచనేం కాదు. కానీ కాంట్రాక్టు పోయిన నెలలో శంకర్‌పల్లి ప్లాటు అమ్ముడుపోతుందన్న గ్యారంటీ లేదు. పైగా అబ్బాయి పేరున కొంటే, అమ్మినప్పుడు వచ్చే లాభాన్ని ఆస్ట్రేలియాలోనూ చూపించాలి. రెండో కాంట్రాక్టు చేతికొచ్చాక ఆ మాట ఎత్తండి. కారు అంటారా, ప్రాక్టీసుకి వెళ్లిరావడానికి పాత కొరొల్లా చాలు.